పాలిష్ చేయించిన అల్లాయ్ రిమ్ములు నెల తిరక్కుండానే పాలిపోయాయి

చాక్‌పీసు (నల్లగొండ)
శనివారం, రాత్రి 9:50

నమస్కారం. నేను లెక్కల మాస్టార్ని, మెకానిక్‌ని కాదు. జరిగింది జరిగినట్టు రాస్తే తప్పెక్కడుందో తెలిసినవాళ్లు చెబుతారని కాస్త వివరంగానే రాస్తున్నాను.

నిరుడు మిర్యాలగూడలో తెలిసినవాళ్ల దగ్గర 2013 మోడల్ కారు కొన్నాను. ఇంజను, ఏసీ, టైర్లు అన్నీ బాగున్నాయి. అల్లాయ్ రిమ్ములు మాత్రం చూడబుద్ధయ్యేలా లేవు. పైనున్న వార్నిష్ లాంటి పొర లేచిపోయి, దాని కింద తెల్లటి పురుగు పాకినట్టు గీతలు. ముందు రెండింటికి మరీ ఎక్కువ, వెనకవి కొంత నయం. మా చిన్నమ్మాయి "నాన్నా, కారుకు తామర వచ్చింది" అని, బడి దగ్గర కాకుండా ఓ సందు ముందే దిగిపోయేది.

దసరా ముందు హైదరాబాద్‌లో ఒక షాపులో ఇచ్చాను. పాత పొర తీసేసి నాలుగూ అద్దంలా చేసిస్తామన్నారు, పదకొండు వేలు. మూడు రోజులకు ఇచ్చారు. "పైన కోటింగ్ ఏమైనా వేశారా" అని అడిగితే అక్కడి అబ్బాయి "అంతా చేసినం సార్, టెన్షన్ తీసుకోకండి" అన్నాడు. ఆ 'అంతా'లో ఏమేం ఉన్నాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంటికి తెచ్చిన రోజు ముందు రిమ్ములో చూసుకుంటూ మీసం సవరించుకున్న మాట నిజం. వెనక రెండూ అంత మెరవలేదనిపించింది కానీ, కొత్త మోజులో పట్టించుకోలేదు.

తర్వాత వరసగా ఇలా జరిగింది. దసరాకు పూజ చేసి నాలుగు రిమ్ములకూ పసుపు, కుంకుమ పెట్టాం. మూడో రోజు దామరచర్ల దగ్గర మా బామ్మర్ది ఇంటికి వెళ్లాం. వాన. వాడపల్లి వైపు సిమెంటు లారీల సంగతి తెలిసిందే కదా, రోడ్డంతా బూడిద రంగు జావ. అది రిమ్ముల నిండా కొట్టింది. తిరిగొచ్చాక పరీక్ష పేపర్లు దిద్దే పనిలో పడి నాలుగు రోజులు కారు ముట్టుకోలేదు. ఐదో రోజు వాటర్ వాష్‌కు ఇచ్చాను. ఎండలో తోలుకొచ్చిన బండి అలాగే ర్యాంపు ఎక్కింది. అక్కడి పిల్లాడు పేరు లేని సీసాలోంచి ఏదో రిమ్ముల మీద కొట్టాడు. బుసబుసా నురగ వచ్చింది, ముక్కు మండింది. నీళ్లు కొట్టి తుడిచాక చూస్తే ముందు రెండు రిమ్ములూ తెల్లగా పొగబారినట్టు అయిపోయాయి. "ఆరితే పోతది సార్" అన్నాడు. ఆరింది. పోలేదు.

ఇంటికొచ్చి బోరు నీళ్లతో మళ్లీ కడిగాను. ఈసారి దాని మీద చుక్కలు చుక్కలుగా మచ్చలు. మా ఆవిడ నిమ్మచెక్కకు ఉప్పద్ది రుద్దమంది. ఒక రిమ్ముకు రుద్దాను. రుద్దినంత మేర మొదట తెల్లగా తేలింది, మర్నాటికి గరుకుగా అయింది.

స్టాఫ్ రూమ్‌లో ఒకాయన "నల్లగొండ నీళ్లండీ, ఫ్లోరైడ్. మనుషుల ఎముకలనే వంచింది, మీ రిమ్ము ఓ లెక్కా" అన్నాడు. నిజంగా నీళ్ల వల్లేనా? ముందు రెండే ఎందుకు ఎక్కువ పాడయ్యాయి? ఇంట్లో చేత్తో బాగుచేసుకునే పనేనా, మళ్లీ పదకొండు వేలా? బాగైతే దాని మీద ఏం పూయాలి? ఈ నాలుగూ తేల్చండి.


దేవరకొండ రోడ్డు
శనివారం, రాత్రి 10:15

సార్, విభూది, నిమ్మరసం కలిపి గిన్నెలు తోమే ఇనుప పీచుతో గట్టిగా రుద్దండి. మా నాయిన ట్రాక్టర్ అద్దాల దగ్గర్నుంచి ఇంట్లో దేవుడి సామాను దాకా అన్నిటికీ అదే. మస్తుగా మెరుస్తాయి.


పాలమూరు బఫింగ్
ఆదివారం, ఉదయం 6:30

సార్, విభూది నుదుటికి బాగుంటుంది, నిమ్మకాయ పప్పులోకి బాగుంటుంది. రిమ్ము దగ్గరికి రెండూ తేకండి. ఇనుప పీచు అసలే వద్దు. అది గీసిన గీతలు తీయడానికి నాకు అరపూట పడుతుంది. పైగా దాని ముక్కలు విరిగి రిమ్ములో గుచ్చుకుని, తర్వాత అక్కడ తుప్పు చుక్కలు లేస్తాయి.

బాలానగర్‌లో పదకొండేళ్లు బఫింగ్ మిషన్ (తిరిగే గుడ్డ చక్రంతో లోహానికి మెరుగు పెట్టేది) ముందు నిలబడ్డాను. గిన్నెలు, గుడి తలుపుల ఇత్తడి రేకులు, స్టీలు రెయిలింగులు, ఆ తర్వాత రిమ్ములు. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో సొంతంగా చిన్న షాపు. మీ కథ లాంటివి నెలకు రెండు మూడు వింటాను, అందుకే తెల్లారగానే రాస్తున్నా.

మీ ఇంట్లో పాత సిల్వర్ గిన్నె ఒకటి ఉండే ఉంటుంది. సిల్వర్ అంటే వెండి కాదు, అల్యూమినియమే. మీ అల్లాయ్ రిమ్ములూ చాలావరకు అల్యూమినియమే. బోరు నీళ్లు కాచీ కాచీ అది లోపల నల్లబడుతుంది. అందులోనే ఒకసారి చింతపండు పులుసు కాస్తే తెల్లగా తేలుతుంది. ఉప్పుగా ఉన్న పచ్చడి రాత్రంతా అందులో వదిలేస్తే తెల్లారేసరికి సూది మొనంత గుంటలు పడతాయి. మీ రిమ్ములకు జరిగిందీ ఇదే. సున్నం, పులుపు, ఉప్పు మూడూ వంతులవారీగా తగిలాయి.

అల్యూమినియానికి గాలి తగిలితే చాలు, పైన కంటికి కనపడనంత పలచగా ఒక పొర కట్టుకుంటుంది. అదే దాని చొక్కా. ఘాటైన పులుపుకూ ఆ చొక్కా కరిగిపోతుంది, సున్నానికీ కరిగిపోతుంది. సిమెంటు కాంక్రీటులో ఇనుప ఊచ పెడితే క్షేమంగా ఉంటుంది, అల్యూమినియం ముక్క పెడితే తినేస్తుంది. వాడపల్లి రోడ్డు మీద మీకు కొట్టిన జావ తడిసిన సిమెంటు, అంటే సున్నపు నీళ్లే. పీహెచ్ (పులుపు, సున్నాల ఘాటు కొలత, మంచి నీళ్లకు 7 దగ్గర) 12 దాటి ఉంటుంది. పొడి దుమ్ముగా ఉంటే గంటకో పూటకో కడుక్కోవచ్చు, తడిసిందంటే మాత్రం ఆ సాయంత్రమే నీళ్లు కొట్టేయాలి. మీరు పేపర్లు దిద్దుతూ కూర్చున్నందుకు పెద్దగా బాధపడకండి, అది చేసే పని చాలావరకు మొదటి రాత్రే చేసేసి ఉంటుంది.

మిగిలింది వాటర్ వాష్ సీసా పూర్తిచేసింది. తెల్లగా పొగబారినట్టు అన్నారు కదా, అది ఆసిడ్ పని. కాస్టిక్ అయితే నల్లటి మసి వేలికి అంటేది. రిమ్ము పోతలో సాధారణంగా 7 శాతం అటూ ఇటూ సిలికాన్ ఉంటుంది, కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తిని సిలికాన్‌ను మసిలా వదిలేస్తుంది. కొట్టింది ఏదైనా, ఎండలో కాలిన రిమ్ము మీద కొట్టడంతో దాని బలం ఇంకా పెరిగింది.

ఇక ఫ్లోరైడ్. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. దానికి నాలుగింతలున్న బోరు నీళ్లతో కడిగినా రిమ్ముకు ఏమీ కాదు. మీకు పడిన చుక్కల మచ్చలు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. కెటిల్ అడుగున గడ్డకట్టే తెల్ల పొర ఉంటుందే, అదే. అయితే మీ స్టాఫ్ రూమ్ సార్ పూర్తిగా తప్పు కాదు. రిమ్ములు తెల్లగా తేల్చే చవక ఆసిడ్లలో కొన్నిటిలో ఉండేది హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్, లేదా అమోనియం బైఫ్లోరైడ్. ఫ్లోరైడ్ ఉంది, కాకపోతే బోరులో కాదు, సీసాలో. ఇది నవ్వులాట కాదు సార్. ఆ ఆసిడ్ చర్మానికి తగిలితే మొదట నొప్పి కూడా తెలియకపోవచ్చు, లోపలికి దిగి ఎముకలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. చేతికి గ్లవ్స్ లేకుండా ఆ పిల్లాడు రోజుకు ఎన్ని బండ్లకు కొడుతున్నాడో. మళ్లీ అటు వెళ్తే రిమ్ముల మాట తర్వాత, ముందు ఆ మాట చెప్పండి.

ఇప్పుడు అసలు పని. మీ రిమ్ము మీద ఏముందో తెలియకుండా నేను చెప్పే మందు పనికిరాదు. పైన క్లియర్ కోట్ (రంగులేని వార్నిష్ లాంటి పొర) ఉందా, ఒట్టి లోహమా? వాల్వ్ పక్కన రూపాయి బిళ్లంత చోటులో కొంచెం మెటల్ పాలిష్ వేసి తెల్ల గుడ్డతో ఇరవై సార్లు రుద్దండి. గుడ్డ నల్లబడితే ఒట్టి అల్యూమినియం. తెల్లగానే ఉంటే పైన కోటింగ్ ఉన్నట్టు. నాలుగు రిమ్ములకూ విడివిడిగా చేయండి, ఒకటి చూసి మిగతావీ అంతే అనుకోవద్దు. వెనక రెండూ తక్కువ మెరిశాయని రాశారు కదా, నాకు అక్కడే అనుమానం. పొద్దుటి ఏటవాలు ఎండలో వాటిని దగ్గరగా చూడండి, సన్నటి రింగులు రింగులుగా గీతలేమైనా కనిపిస్తాయేమో.

చూసి రాయండి. ఈలోపు ఏమీ పూయకండి, రుద్దకండి.


కోదాడ వాటర్ వాష్
ఆదివారం, ఉదయం 11:05

మాది కూడా వాషింగ్ సెంటరే కాబట్టి నాలుగు మాటలు. ఆసిడ్ ఎందుకు వాడతారంటే టైమ్. ఆదివారం ముప్పై బండ్లు వరసలో ఉంటాయి, ఒక్కో బండికి ఇరవై నిమిషాలు. బ్రేకు మసి షాంపూతో పోవాలంటే బ్రష్షు పట్టుకుని కూర్చోవాలి, ఆసిడ్ కొడితే నిమిషంలో కారిపోతుంది. కస్టమర్ కూడా "రిమ్ములు తెల్లగా రావాలె" అంటాడు తప్ప ఎట్లా అని అడగడు. తప్పు కాదని అనడం లేదు. నేను రెండేళ్ల కిందట మానేశాను, ఒక డాక్టర్ గారి కారు రిమ్ములు ఇలాగే అయితే నా జేబులోంచి బాగుచేయించి ఇచ్చిన తర్వాత.

ఇప్పుడు ఐరన్ రిమూవర్ వాడుతున్నా. బ్రేకు డిస్కు అరిగి పడే ఇనుప రజను వేడి వేడిగా వచ్చి రిమ్ములో దిగబడుతుంది. ఈ మందు ఆ ఇనుముతో కలిసి వంకాయ రంగులో కారుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. రిమ్ము చల్లగా ఉండాలి, నీడలో ఉండాలి, ఆరిపోకముందే కడిగేయాలి. కోటింగ్ ఉన్న రిమ్ముకు ఏ గొడవా లేదు. ఒట్టి పాలిష్ రిమ్ముకైతే ఒక మూల వేసి చూసుకున్నాకే.

ఎక్కడికి వెళ్లినా బండి దిగగానే "రిమ్ములకు ఒట్టి షాంపూనే" అని ఒక్క మాట అనండి సార్. మేం వింటాం.


చాక్‌పీసు (నల్లగొండ)
ఆదివారం, మధ్యాహ్నం 1:20

అన్నా, మీరు పాలమూరులో కూర్చుని నల్లగొండలో నా కారును ఎట్లా చూశారో అర్థం కావడం లేదు.

మెటల్ పాలిష్ కోసం క్లాక్ టవర్ దగ్గర ఆటోమొబైల్ షాపుకు పోయి చిన్న ట్యూబు తెచ్చాను. మా ఆవిడ పాత తెల్ల చున్నీ చింపి ఇచ్చింది. ముందు కుడి రిమ్ము: పది సార్లకే గుడ్డ కాటుకలా నల్లబడింది. ముందు ఎడమ: అదే. వెనక కుడి: ఇరవై కాదు, నలభై సార్లు రుద్దినా గుడ్డకు పాలిష్ రంగు తప్ప ఏమీ అంటలేదు. వెనక ఎడమ కూడా అంతే. ఇక రింగుల సంగతి. ఎండలో కూర్చుని చూస్తే వెనక రెండింటికీ పాత గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు సన్నటి గీతలు, కేంద్రం ఒకటే ఉన్న వృత్తాల్లా. ముందు వాటికి ఆ గీతలే లేవు.

అంటే నాలుగూ ఒకే పని కాదన్నమాట. పదకొండు వేలకు లెక్క చూసుకోవాల్సిన మాస్టార్ని నేనే చూసుకోలేదు.


పాలమూరు బఫింగ్
ఆదివారం, సాయంత్రం 4:40

అనుకున్నదే. ఆ గీతలు లేత్ మిషన్‌వి, అంటే రిమ్మును గిర్రున తిప్పుతూ చెక్కే మిషన్. కంపెనీలో రిమ్ము ముఖాన్ని లేత్ మీద సన్నగా చెక్కి, పైన క్లియర్ కోట్ వేస్తారు. దీన్నే డైమండ్ కట్ అంటారు. మీ వెనక రిమ్ములకు కంపెనీ కోటింగ్ ఇంకా అలాగే ఉంది. షాపువాళ్లు దాని మీద కాంపౌండు (మెరుగు పెట్టే ముద్ద) పట్టి మెరిపించి ఇచ్చారు. ముందు వాటికి పొర మరీ లేచిపోయింది కాబట్టి మొత్తం తీసేసి బఫింగ్ కొట్టారు. కోటింగ్ వేయలేదు. ముందువే ఎక్కువ పాడవడానికి కారణం బ్రేకు మసి కాదు, చొక్కా లేకపోవడం. అదే జావ, అదే ఆసిడ్ వెనక కోటింగ్ మీద పడి కారిపోయాయి.

కోటింగ్ ఎందుకు వేయలేదంటే దానికీ కారణం ఉంది, వాళ్లను పూర్తిగా తిట్టలేను. అద్దంలా నున్నగా ఉన్న లోహాన్ని క్లియర్ కోట్ పట్టుకోదు. తామరాకు మీద నీళ్లే. లోహానికి ముందు కెమికల్‌తో తగిన ట్రీట్‌మెంట్ ఇవ్వకుండా స్ప్రే కొడితే, ఆరు నెలల్లో ఒక రాయి తగిలిన చోట లేచి, అక్కడి నుంచి తేమ లోపలికి పాకి మళ్లీ మీ అమ్మాయి చెప్పిన తామర మొదలవుతుంది. కానీ కోటింగ్ వేయలేదు, ఇలా చూసుకోండి అని నోరు తెరిచి చెప్పాలి. అది చెప్పకపోవడం తప్పు.

ఇప్పుడు వెనక వాటికి, ముందు వాటికి వైద్యం వేరు. ఒకదాని మందు ఇంకోదానికి తగలనీయకండి.

వెనకవి తేలిక. మెటల్ పాలిష్ ట్యూబు వాటి దగ్గరికి మళ్లీ తీసుకెళ్లొద్దు. అందులో రాపిడి పొడి ఉంటుంది, కోటింగ్‌ను మసకబారుస్తుంది. మీరు నలభై సార్లు రుద్దిన రూపాయి బిళ్ల చోటు కొంచెం మందగించి ఉంటుంది, చూడండి. బోరు మచ్చలకు తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డ తడిపి ఒక నిమిషం అద్ది, మంచి నీళ్లతో కడిగేయండి. ఆ వెనిగర్ ముందు వాటికి వద్దు. తారు మచ్చలుంటే గుడ్డకు కొంచెం కిరోసిన్ అద్ది తుడిచి, వెంటనే షాంపూతో కడగండి. ఆరాక కారు బాడీకి వేసే వాక్స్ చాలు. అంచుల్లో ఎక్కడైనా రాయి తగిలి కోటింగ్ లేచిందేమో గోటితో తడిమి చూడండి. ఉంటే టచప్ క్లియర్ ఒక చుక్క పెట్టి మూసేయండి, తేమకు ఆ సందు చాలు.

ముందు వాటికి ఒళ్లు వంచాలి. రిమ్ము విప్పి కింద పరుచుకుంటే నడుము బతుకుతుంది. మొదట షాంపూ నీళ్లతో రెండుసార్లు కడగండి, ఇసుక రేణువు ఒక్కటున్నా మీ కష్టమంతా గీతల పాలు. ఆరాక ఒక్క స్పోకు మీద ఒట్టి పాలిష్‌తో ప్రయత్నించండి. తెల్లదనం పోయిందా, సరే, గరుకు కాగితం జోలికి పోవద్దు. పోకపోతే 1500 నంబరు వాటర్ పేపర్ (నీళ్లతో వాడే గరుకు కాగితం) తడిపి, సబ్బు నీళ్లు పోస్తూ ఒకే దిక్కుగా రుద్దండి, తర్వాత 2000 నంబరుతో దానికి అడ్డంగా. ఎందుకు అడ్డంగా అంటే, ముందు నంబరు గీతలు పూర్తిగా పోయాయో లేదో అప్పుడే కనిపిస్తుంది. మా మేస్త్రీ నాకు మొదటి రోజు నేర్పింది ఇదొక్కటే, రెండో రోజు నేను మర్చిపోతే వంద గిన్నెలు మళ్లీ చేయించాడు. నిమ్మ ఉప్పు రుద్దిన రిమ్ముకు మాత్రం ఇంకా గరుకుగా ఉండే 1000తో మొదలుపెట్టాల్సి రావచ్చు. గుంటలు లోతుగా ఉంటే కొన్ని మిగిలిపోతాయి. వాటి కోసం లోహమంతా అరగదీయకండి.

పాలిష్ వేసేటప్పుడు అరచేయంత చోటు చాలు. బఠాణీ గింజంత పాలిష్. రుద్దుతుంటే గుడ్డ కింద నల్లటి జిగురు వస్తుంది, అది వచ్చిందంటే పని జరుగుతున్నట్టు. అది ఎండకముందే ఇంకో పొడి గుడ్డతో తుడవాలి. చివర్లో ఎంత తుడిచినా ఒక మసక పొర మిగులుతుంది. దాని మీద చిటికెడు మైదాపిండి చల్లి మెత్తటి గుడ్డతో తుడవండి. పిండి ఆ నూనెను పీల్చుకుంటుంది, కింద అద్దం బయటపడుతుంది. నమ్మకపోతే ఒక స్పోకు మీద చేసి చూడండి.

డ్రిల్లు మిషన్‌కు బఫ్ పెట్టుకుని చేద్దామనిపిస్తే ముక్కుకు మాస్కు కట్టుకోండి. చేతికి మాత్రం గుడ్డ చుట్టుకోవద్దు, వేలాడే చొక్కా చేతులు వద్దు, బఫ్ లాగేసుకుంటుంది. ఇంకో మాట. జాకీ ఎక్కించి, ఇంజను ఆన్ చేసి, గేరు వేసి, తిరిగే చక్రానికి గుడ్డ పట్టుకోవడం వీడియోల్లో చూపిస్తున్నారు. అలా చేసి వేలు పోగొట్టుకున్నవాడు నాకు తెలుసు.

పైన ఏం పూయాలన్నారు. మామూలు వాక్స్ ముందు చక్రాల బ్రేకు వేడికి ఎక్కువ రోజులు నిలవదు, రెండు మూడు వారాలు. రిమ్ముల కోసమే వచ్చే సింథటిక్ సీలెంటు గానీ, సిరామిక్ కోటింగ్ గానీ వేస్తే నెలలు వస్తుంది. వేసేముందు పాలిష్ జిడ్డు పూర్తిగా పోవాలి, లేకపోతే జిడ్డు మీద కూర్చుంటుంది. తర్వాత వారానికోసారి షాంపూ, మెత్తటి బ్రష్షు. రిమ్ముల బకెట్టు వేరు, బాడీ బకెట్టు వేరు. చివరి కడుగుడు బోరు నీళ్లతో కాకుండా మీ నల్లాలో వచ్చే భగీరథ నీళ్లతో చేసి, గాలికి ఆరనీయకుండా గుడ్డతో తుడిచేయండి. గిన్నెల సబ్బు, బట్టల సోడా, బాత్రూమ్ ఆసిడ్ మూడూ నిషేధం. వచ్చే దసరాకు బొట్లు కావాలంటే రిమ్ముకు కాదు, టైరుకు పెట్టండి. దేవుడికి అభ్యంతరం ఉండదు.

ఇంతా చెప్పి నా కడుపులో మాట చెప్తా. దామరచర్ల రోడ్డు మీద తిరిగే బండికి అద్దం పాలిష్ పెట్టమని నేనైతే చెప్పను. అది ఇంట్లో షోకేసు లాంటిది, చూసుకోవడమే ఒక పని. రెండు నెలల్లో విసుగొస్తే ముందు రిమ్ములు రెండూ సిల్వర్ రంగు పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడికి కరిగించేది) చేయించేయండి. ఓవెన్‌లో 180, 200 డిగ్రీల మధ్య పావుగంట, ఇరవై నిమిషాలు పెడతారు, చల్లారితే గట్టిపడినట్టే. అయితే ఓవెన్ వేడి చూసుకునేవాడి దగ్గరే చేయించండి. గంటల తరబడి ఎక్కువ వేడిలో ఉంచితే రిమ్ము బలమే తగ్గుతుంది. గ్యాస్ మంటతో కాల్చి పాత రంగు తీసేవాడి దగ్గరికి అసలే పోవద్దు. వెనకవి డైమండ్ కట్ కాబట్టి ముందువీ అలాగే కావాలంటే లేత్ మీద చెక్కించాలి. ప్రతిసారీ కొంత లోహం పోతుంది, జన్మకు ఒకటి రెండుసార్లకు మించి చేయించకూడదు.


జడ్చర్ల టైర్లు
ఆదివారం, రాత్రి 8:30

అన్న రిమ్ము పైమొహం చెప్పాడు, నేను వెనక మొహం చెప్తా. విప్పి బిగించిన రిమ్ముకు వంద కిలోమీటర్లలోపు నట్లు మళ్లీ చూసుకోవాలి. చిన్న కార్లకు సుమారు 100 న్యూటన్ మీటర్ల బిగువు ఉంటుంది, మీ బండి పుస్తకంలో సరైన అంకె ఉంటుంది. పానా మీద కాలేసి తొక్కడం బిగువు కాదు. నట్టు కూర్చునే గుంటలో గానీ, రిమ్ము హబ్బుకు (చక్రాన్ని బిగించే ఇరుసు కొసకు) ఆనే చోట గానీ పెయింటు, పౌడర్ కోటింగ్ మందంగా ఉంటే తిరిగేకొద్దీ అది నలిగి నట్టు వదులవుతుంది. కోటింగ్ చేయించేటప్పుడు ఆ రెండు చోట్లా టేపు వేయమని చెప్పండి. హబ్బు మధ్య బొడ్డెకు సన్నగా గ్రీజు రాస్తే రిమ్ము అతుక్కోదు. నట్టు మరలకు మాత్రం రాయొద్దు. బఫింగ్‌లో, చక్రం బరువు సరితూగడానికి రిమ్ముకు పెట్టే సీసం ముక్కలు ఊడి ఉంటే బ్యాలెన్సింగ్ కూడా చేయించాలి. 80 దాటితే స్టీరింగు వణుకుతోందా సార్?


చాక్‌పీసు (నల్లగొండ)
తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 12:10

వణుకుతోంది అన్నా. రోడ్డుదే అనుకున్నాను. శుక్రవారం బ్యాలెన్సింగ్‌కు ఇస్తే ముందు ఎడమ దానికి లోపలి సీసం ముక్కే లేదన్నారు. నట్లు చూడమంటే ముందు కుడి దాంట్లో రెండు పావు చుట్టు తిరిగాయి. అక్కడ నిలబడి చూస్తున్నప్పుడు నా కాళ్లు కొంచెం వణికాయి, పోయిన నెల ఇంటిల్లిపాదీ ఆ చక్రాల మీదే దామరచర్ల వెళ్లొచ్చాం కదా.

ఈరోజు పొద్దున ఆరింటికి ముందు కుడి రిమ్ము విప్పి వరండాలో చాప మీద పెట్టాను. ఒట్టి పాలిష్‌తో తెల్లదనం కదల్లేదు. 1500, తర్వాత అడ్డంగా 2000. మొదటి స్పోకుకు గంటా పది నిమిషాలు పట్టింది. పేపర్ కింద నీళ్లు ముందు బూడిద రంగులో, తర్వాత పాలలా వచ్చాయి. 2000 అయ్యాక చూస్తే మెరుపు లేదు, పలక మీద తడిగుడ్డ పెట్టి తుడిచినట్టు మసగ్గా ఉంది. ఇంతేనా అనుకున్నాను. పాలిష్ వేసి రుద్దితే గుడ్డ కింద నల్లటి జిగురు, మీరు చెప్పినట్టే. తుడిచాక ఇంకా మసకే. మైదా కోసం వంటింట్లోకి వెళ్తే మా ఆవిడ "కారుకు పూరీలా" అంది. చిటికెడు చల్లి తుడిచాను. పైకప్పు ఫ్యాను రెక్కలు మూడూ ఆ స్పోకులో తిరుగుతూ కనిపించాయి. అప్పటిదాకా నవ్విన మనిషి ఇంకో గుడ్డ తెచ్చుకుని రెండో స్పోకు దగ్గర కూర్చుంది.

నిమ్మకాయ రుద్దింది ఎడమ రిమ్ముకు. దాని మీద సూది గుంటలు భూతద్దంలో చుక్కలు చుక్కలుగా ఉన్నాయి, దాన్ని 1000తో మొదలుపెట్టాలి. వాషింగ్ సెంటర్‌కు కూడా వెళ్లాను. ఆ పిల్లాడికి రబ్బరు గ్లవ్స్ జత ఇచ్చి, ఓనర్‌తో సీసా సంగతి మాట్లాడాను. ఓనర్ విన్నాడు, ఏమీ అనలేదు. పిల్లాడు మాత్రం నేను ఉన్నంతసేపూ గ్లవ్స్ వేసుకునే ఉన్నాడు.

హైదరాబాద్ షాపుకు ఫోన్ చేశాను. వెనక రెండింటికీ డబ్బులు కొంత తిరిగిస్తాం, వచ్చి తీసుకోండి అన్నారు. వెళ్లిరావడానికి డీజిల్ లెక్క వేసుకుంటున్నా.

ఐదు స్పోకుల్లో మూడయ్యాయి. జాకీ పక్కింటివాళ్లది, సాయంత్రంలోగా ఇచ్చేయాలి.